ఏడు గడుల పేరు

పైవరసలో పదహారు నల్ల గళ్లు, కిందివరస బోసి. గంట నుంచీ ఇదే. అరచేతంత కూడా లేని ఆ చిన్న తెర పచ్చటి వెలుగులో నల్ల పళ్లు బయటపెట్టి ఆదినారాయణప్పను చూసి ఇకిలిస్తోంది. ఇకిలించు, అనుకున్నాడు, నన్ను చూసి ఇకిలించడం నీకు కొత్త కాదు కదా. గోడ గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పదకొండుకి గుజరీ అతను వస్తాడు, పాత సామాను కొనే మనిషి, తోపుడుబండి వేసుకుని, గంట వాయించుకుంటూ. ఓబులమ్మే నిన్న వీధి చివర అతణ్ని నిలబెట్టి చెప్పి వచ్చింది, ఒక టేబులు, దాని మీద ఒక పెట్టె, కొన్ని తీగలు ఉన్నాయి, వచ్చి తీసుకుపో అని. చెప్పి వచ్చిన సంగతి మొగుడికీ చెప్పింది. దాచే మనిషి కాదు. దాచి ఉంటే పోట్లాడటానికి ఒక సాకైనా దొరికేది.

ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు, అదే అతన్ని ఎక్కువ మండించింది. పొయ్యికీ గ్రైండరుకీ నడుమ, వంటింట్లో, ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చుని చీర కొంగులకు కుచ్చులు కడతారు. బళేపేట కొట్ల నుంచి వచ్చే పట్టుచీరలు, ఒక్క నూనె చుక్క పడితే చీర పోయినట్టే. ఈ గది ఇస్తే చాప పరుచుకుని కాళ్లు చాపుకుంటారు. ఈ గదిలో ఉన్నది ఒక టేబులు, ఒక స్టూలు, గోడకు మేకు, మేకుకు రేకు చట్రం అద్దం, నేల మధ్యలో సిమెంటుతో పూడ్చిన పాత మగ్గం గుంట, టేబులు మీద మూడేళ్లుగా అతను ఒక్కొక్క తీగా అతికించి కట్టుకున్న కంప్యూటరు. కంప్యూటరు అంటే నవ్వుతారు. చెక్కపలక మీద నాలుగు బోర్డులు, బోర్డుల మధ్య జడలు అల్లినట్టు తీగలు, ముందువైపు ఎనిమిది మీటలు, ఎనిమిది ఎర్ర దీపాలు. ఇన్నాళ్లూ దానికున్న నోరు ఆ దీపాలే. వెలిగినవీ ఆరినవీ చూసి లోపల ఏ అంకె ఉందో అతను చెప్పగలడు, ఇంకెవరూ చెప్పలేరు. బావమరిది హేమంత్‌కుమార్, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లకు టైల్స్ కాంట్రాక్టు చేసేవాడు, రెండు నెలల కింద వచ్చి ఆ దీపాలు చూసి, బావా, వినాయకుడి పందిట్లో పెట్టు దీన్ని, సీరియల్ సెట్ మాదిరి బాగుండాది అన్నాడు. ఓబులమ్మ కూడా నవ్వింది. నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అది అతను చూశాడు. ఆ అడ్డం పెట్టుకోవడమే గుచ్చుకుంది. మొన్న శుక్రవారం, కుచ్చు దారం పళ్లతో తెంపుతూ, తలెత్తకుండానే అంది:

“మూడేండ్లు నేనేమీ అనలేదు. నాకు అర్థమయ్యే మాట ఒక్కటి దానితో చెప్పిచ్చు. గది నీదే. లేదంటే గుజరీకి ఏసేస్తా.”

“ఆదివారం పదకొండుకి చెప్తాది, చూడు,” అన్నాడు. నోరు జారిన మాట. కానీ జారినా అతని నోటి నుంచే జారింది, దాన్ని వెనక్కి తీసుకునే అలవాటు వాళ్ల ఇంట్లో లేదు.

తీగలు మళ్లీ లెక్కపెట్టాడు. తెరకు పదహారు కాళ్లు. రెండు కరెంటుకు, ఒకటి అక్షరాల నలుపు ఎక్కువ తక్కువలకు, ఇదిగో ఈ చిన్న తిరుగుడు మర, తిప్పితే గళ్లు ముదురుతున్నాయి, వెనక్కి తిప్పితే పలచబడుతున్నాయి, కాబట్టి అది సరే. మూడు, ఎప్పుడు వినాలో ఎప్పుడు ఊరుకోవాలో చెప్పేవి. ఎనిమిది, మాటలు మోసేవి. చివరి రెండు వెనక దీపానికి. పదహారూ సరే. నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున, ఇప్పుడు, మూడుసార్లు సరే. తీగలు సరిగ్గా ఉండి, కరెంటు సరిగ్గా ఉండి, మాట్లాడకపోతే ఏమనాలి దీన్ని. మొండిది అనాలి. మొండితనం నాకు తెలియదా, అనుకున్నాడు, నిన్ను నేనెరుగుదును, నువ్వెక్కడిదానివో మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు.

మర్చిపోయేది కాదు. ఈ తెర పుట్టిల్లు అతను కరెంటు పని చేసే అపార్ట్‌మెంటు గేటు. పనివాళ్లు వేలు పెట్టి హాజరు వేసుకునే పెట్టెకు మొహంగా ఉండేది ఇది. పనిమనుషులు, తోటమాలులు, డ్రైవర్లు, వరసగా నిలబడి వేలు ఆనిస్తే ఒక్కొక్కరికీ పేరు చూపించి నమస్కారం పెట్టేది. అతను వేలు పెడితే మాత్రం ట్రై ఎగైన్ అనేది. చొక్కాకు తుడుచుకుని పెడితే ట్రై ఎగైన్. ఎడమ చేతి వేలు పెడితే ట్రై ఎగైన్. వెనక నిలబడ్డ ఓ అమ్మాయి నవ్వు ఆపుకుంటుంటే బొటనవేలు పెట్టాడు, దానికీ అదే. వేళ్ల మీద గీతలు లేవప్పా నీకు అన్నాడు సెక్యూరిటీ మనిషి, అదేదో జబ్బని చెప్పినట్టు. ఎక్కడి నుంచి ఉంటాయి. చిన్నప్పుడు మగ్గం అట్టలు, పెద్దయ్యాక సోల్డరింగ్ కడ్డీ, ఇప్పుడు నీళ్ల ట్యాంకుల బ్లీచింగ్ పొడి, ముగ్గురూ కలిసి తిన్నారు. రెండేళ్లు ప్రతి పొద్దునా ఆ పదహారు గళ్లలో ఆ రెండు మాటలు చదివి, రిజిస్టరులో చేత్తో సంతకం పెట్టి లోపలికి పోయాడు. ముఖం చూసి గేటు తెరిచే పెట్టెలు వచ్చాక పాతదాన్ని చెత్తగదిలో పడేశారు. దాన్ని తీసుకెళ్లనా అని అడిగితే మేనేజరు, దేనికి అని కూడా అడగలేదు. ఇంటికి తెచ్చి, మరలు విప్పి, మొహం ఒక్కటే ఒలిచి, మిగతాది పారేశాడు. నా పేరు చెప్పడం నీకు చేతకాలేదు కదా, నీ చేత నా పెళ్లాం పేరు చెప్పిస్తాను, అని ఆ రోజే అనుకున్నాడా, లేక శుక్రవారం మాట తరువాత అనుకున్నాడా, ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. పది దాటి రెండు నిమిషాలు.

ఈ తెరను ఎలా నడపాలో చెప్పే కాగితాలు, జిరాక్సు కొట్లో ముద్రించి తెచ్చుకున్నవి, మళ్లీ తీశాడు. ఇరవైనాలుగో పేజీ. ఇంగ్లీషు అతనికి నడకరాని బిడ్డతో నడిచినట్టు, ఒక్కొక్క మాటా చేయి పట్టుకుని దాటించాలి. ఏడో తరగతితో బడి అయిపోయింది, అదీ కన్నడ బడి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బతుకుతెరువులో ఇంగ్లీషు. మూడిట్లో ఏదీ నిండుగా రాలేదు. అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద దొరికిన ఇంజనీరింగ్ పుస్తకం అతనికి గురువు. మొదటి పేజీలో సుమ అని పేరు, కింద రోల్ నంబరు. ఆ సుమ ఎవరో పెన్సిలుతో ముఖ్యమైన చోట్లన్నీ గీతలు గీసుకుంటూ పోయింది, నూట నలభయ్యో పేజీ దాకా. ఆ తరువాత గీతలు లేవు. పరీక్షకు అంతవరకు చాలనుకుందో, చదువే వద్దనుకుందో. అక్కడి నుంచి ఆదినారాయణప్ప ఒక్కడే పోయాడు. నడిచే దారిలో ముందరి మనిషి అడుగులు ఉన్నట్టుండి ఆగిపోతే ఎలా ఉంటుందో నూట నలభై ఒకటో పేజీ దగ్గర తెలిసింది. నెల పట్టింది ఆ ఒక్క పేజీకి.

ఇదిగో. కరెంటు ఇచ్చాక ఆగాలి. ఒకసారి పిలవాలి. ఆగాలి. రెండోసారి అదే మాటతో పిలవాలి. కొంచెం ఆగాలి. మూడోసారి పిలవాలి. అప్పుడుగానీ అది నిద్రలేవదు. మూడుసార్లు పిలవడం అతను పెట్టాడు, ఆగడమే, ఆగడమే చాలలేదేమో. ప్రోగ్రాములో ఆగడానికి పెట్టిన అంకె చూశాడు, పది. పది లెక్కపెట్టడం అతనికి ఆగడం, ఈ చిప్పుకు కన్నార్పడం కూడా కాదు. నాన్న చెన్నయ్య ఇలాగే లేపేవాడు. తెల్లవారుజామున మగ్గం దగ్గర్నుంచే, నారాయణా, అని ఒక పిలుపు. తరువాత ఒక చుట్ట వెలిగించుకునేంత ఆగేవాడు. రెండో పిలుపు. తరువాత రెండు పోగులు అతికేంత. మూడో పిలుపుకు లేవాల్సిందే, లేవకపోతే నీళ్లు. ఒక్కనాడూ ఒకదాని వెంట ఒకటి గబగబా పిలవలేదు, పిలుపుకూ పిలుపుకూ నడుమ పిల్లవాడు కలలోంచి బయటికి రావడానికి చోటు వదిలేవాడు. అతను ఆ చోటు వదలలేదు, అంతే. మీటలు కిందికీ పైకీ వేసి పది ఉన్నచోట రెండువందల యాభై పెట్టాడు, దాని పైన మళ్లీ అంతే పెట్టాడు, ఒకదాని కడుపులో ఒకటి. నడిపే మీట నొక్కాడు.

నల్ల గళ్లు పోయాయి.

తెర మొత్తం పచ్చగా, ఊడ్చిన వాకిలిలా. ఎడమ మూలలో చిన్న గీత ఒకటి, వెలుగుతూ ఆరుతూ, చెప్పు చెప్పు అన్నట్టు. ఆదినారాయణప్ప స్టూలు మీద నుంచి లేచి, గది చుట్టూ ఒకసారి చూసుకుని, ఎవరూ లేరు గనక మళ్లీ కూర్చున్నాడు. ఇంగ్లీషు ‘ఏ’ ఒకటి పంపి చూశాడు, తెర కడుపులో ముందే ఉండే అక్షరం. వచ్చింది, గుడిసె మాదిరి నిటారుగా. వంటింట్లోంచి ఆడవాళ్ల మాటలు, బేబీ అనే ఆమె ఎవరి పెళ్లి గురించో చెబుతోంది, ఓబులమ్మ మధ్యలో ఊ కొడుతోంది. పిలుద్దామా. పిలిస్తే వస్తుంది, చూస్తుంది, ఇంగ్లీషు నాకు రాదు కదా అంటుంది. నాకు అర్థమయ్యే మాట అంది. గోరంట్ల దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా తెలుగు బడి ఆమెది. కన్నడ బస్సు బోర్డులు రంగు చూసి పోల్చుకుంటుంది. ఈ తెరకేమో తెలుగు రాదు. దాని కడుపులో ఇంగ్లీషు ఉంది, జపాను వాళ్ల అక్షరాలేవో ఉన్నాయి, ఎవరికి కావాలి అవి కాటన్‌పేటలో. మన అక్షరాలు మనమే గీసి ఇచ్చుకోవడానికి ఎనిమిది ఖాళీ గడులు మాత్రం వదిలారు. ఒక్కో గడి ఐదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఎనిమిదంటే ఎనిమిదే. పెద్దవాళ్ల విందులో చివరి పంక్తిలో వదిలిన ఎనిమిది ఆకుల్లాగా.

చాలు. గళ్ల కాగితం నిన్ననే సిద్ధం చేశాడు. పెళ్లి శుభలేఖ ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి, అందులో ఓబులమ్మ అని ఉన్నచోట వేలు పెట్టుకుని, ఆ అక్షరాల ఒంపులు చూసి చూసి గళ్లలోకి దించాడు. తెలుగు అతను చదవగలిగేది ముక్కి మూలిగి. అతనికి అవి అక్షరాలకంటే బుటాలు, అంచులో నేసే పూలు. ఓకు రెండు గడులు పట్టింది. బుకు రెండు, ఆ కొమ్ము బయటికి పొడుచుకు వస్తుంది మరి. ల ఒక్క గడిలో ఒదిగింది, మర్యాదస్తురాలు. మ్మతోనే చచ్చాడు. ఒత్తు కింద పెట్టడానికి ఎత్తు లేదు, పక్కన పెట్టడానికి చోటు లేదు, చివరికి రెండు గడులు ఇచ్చి ఒత్తును మూలకు నక్కించాడు. మొత్తం ఏడు గడులు, ముప్పై అయిదు నిలువులు, ఎనిమిది అడ్డాలు. ఎనిమిదో గడి మిగిలింది. ఇలాంటి కాగితం ముందు కూర్చుని ఇరవై ఏడేళ్లయింది.

అప్పుడు ఈ గదిలో మగ్గం ఉండేది, గుంటలో కాళ్లు పెట్టుకుని నాన్న కూర్చునేవాడు, నెత్తిన జకార్డు పెట్టె, దాని మీద నుంచి అట్టల దండ వేలాడుతూ తిరిగేది. అట్టకు రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. అంచులో నెమలి ఉందంటే అది వెయ్యిన్నొక్క రంధ్రాలు. ఆ రంధ్రాలు కొట్టే పని ఆదినారాయణప్పది. ఇనుప పలకల నడుమ అట్ట బిగించి, ఒకరు గళ్ల కాగితం చూసి చెప్తుంటే ఇంకొకరు కొట్టాలి. నిండు గడికి గుద్దు. ఖాళీ గడికి విడువు. చెప్పేవాళ్ల కళ్లు కాగితం మీదే, కొట్టేవాడి కళ్లు అట్ట మీదే, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. పెళ్లికి ముందు నాన్న చెప్పేవాడు. పెళ్లయ్యాక ఓబులమ్మ చెప్పేది. కొత్తకోడలు, పెద్దవాళ్ల ఎదుట మొగుడితో మాట్లాడకూడని రోజులు, పగలంతా ఆమె అతనితో మాట్లాడింది ఆ రెండు మాటలే. గుద్దు, గుద్దు, విడువు, గుద్దు. ఆ రెండింటిలోనే కోపం ఉన్నప్పుడు కోపం తెలిసేది, ఇంకేదైనా ఉన్నప్పుడు అదీ తెలిసేది. నాన్న దగ్గుతూ గుంటలోంచి, నిదానం తల్లీ, అట్టకు ఆయాసమొస్తాది అనేవాడు.

తరువాత బళేపేట షావుకారు ఒకరోజు నాన్ననూ అతన్నీ కొట్టు మీది అంతస్తుకు పిలిచాడు. చల్లటి గది, చెప్పులు బయట వదిలి పోవాలి. ఒక కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని, వీళ్లింట్లో పదకొండు రోజులు కొట్టే నెమలిని టీ తాగుతూ గీసేశాడు. తోక నచ్చలేదని తుడిచి ఇంకో తోక పెట్టాడు. నెమలి అటు తిరిగింది, ఇటు తిరిగింది. షావుకారు చూపించాడు అంతే, ఇక మీ అట్టలతో పని లేదని ఆ చూపించడమే చెప్పడం. నాన్న పోట్లాడలేదు, ఏడవలేదు. వంగి, ఆ తెర వెనక్కి చూశాడు, టేబులు కిందకు చూశాడు. “అది సరేనప్పా, లోపల అట్టలు యాడ ఉండాయి?” అని అడిగాడు. కుర్రాడు నవ్వాడు, షావుకారు నవ్వాడు. ఆదినారాయణప్పకు ముప్పై నిండని వయసు, ముఖం మండిపోయింది, నాన్న చేయి పట్టుకుని మెట్లు దింపేశాడు. దారంతా తిట్టాడు కూడా, అందరి ముందర ఆ అడగడమేంది అని. నాన్న కాటన్‌పేట మలుపు దాకా తిట్లు విని, “లేకుండా ఎట్లా లేస్తాదిరా పోగు, ఎక్కడో ఒకచోట ఉండల్ల కదా,” అన్నాడు మెల్లిగా. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్లకు పోయాడు. తిట్టినవాడు మాత్రం ఉన్నాడు, టీవీలు బాగుచేస్తూ, యూపీఎస్‌లు బాగుచేస్తూ, తెరిచిన ప్రతి పెట్టెలోనూ అట్టల కోసం వెతుకుతూ. ఇదంతా ఓబులమ్మకు చెప్పి ఉండాల్సింది. మూడేళ్లుగా ఆ పెట్టెతో ఏం చేస్తున్నావని ఆమె అడిగినప్పుడల్లా, నీకర్థం కాదులే అన్నాడు. పుస్తకంలో గీతలు ఆపేసిన సుమ మీదున్న కోపం, నవ్విన షావుకారు మీదున్న కోపం, ఆమె మీద పెట్టాడు. దగ్గర్లో ఉన్నది ఆమే కాబట్టి.

పది ఇరవై అయిదు. ఇక వేళ్లకే పని. ఒక్కో గడికి ఎనిమిది అంకెలు, ఏడు గడులకు యాభై ఆరు అంకెలు. నిండు చుక్కకు మీట పైకి, ఖాళీ చుక్కకు కిందికి, దాచే బొత్తాం నొక్కు, తరువాతది. కాగితం ఎడమ పక్కన పెట్టుకున్నాడు, చెప్పేవాళ్లు లేరు గనక తనలో తనే చెప్పుకున్నాడు, గుద్దు విడువు విడువు గుద్దు గుద్దు. మొదటి గడి దగ్గర తడబడ్డాడు, రెండో గడికి వేళ్లకు దారి దొరికింది, మూడోదానికి ఆలోచించడం మానేశాడు. అలవాటు ఎంత లోతున దాక్కుంటుందో, ఇరవై ఏడేళ్లు మట్టి కింద ఉన్న వేరుకు నీళ్లు తగిలినట్టయింది. గుద్దు గుద్దు విడువు. బయట స్కూటరు, ఆవల అగరుబత్తీల గోదాము వాసన, పంపు దగ్గర బిందె చప్పుడు, ఏదీ అడ్డం రాలేదు. ఇదిగో నాన్నా అట్టలు, అనుకున్నాడు ముప్పయ్యో అంకె దగ్గర, ఈ మూడో బోర్డు మీద, నల్ల చిప్పులో, చీమ కన్నంత చోట్లో, రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది, నువ్వడిగింది సరైన మాటే, నవ్వినవాళ్లకే తెలియదు. కళ్లు మసకబారాయి, మోచేత్తో తుడుచుకున్నాడు. ఆపలేదు. నలభై. నలభై ఎనిమిది. మ్మ ఒత్తు, లలో వంపు, ఏది ఎక్కడున్నా వేళ్లు చూసుకున్నాయి. యాభై ఆరు. పదకొండుకు తొమ్మిది నిమిషాలు. నడిపే మీట మీద చేయి వేసి, ఒక్క క్షణం ఆగి, నొక్కాడు.

వచ్చింది. ఏదో వచ్చింది. ఏడు గడులూ నిండాయి, ఒంపులున్నాయి, సున్నాలున్నాయి, ఒత్తులాంటిది ఉంది, కానీ అది ఏ భాష, ఏ లిపి. శుభలేఖ పక్కన పెట్టి చూశాడు. కాదు. ఎక్కడా ఓ లేదు. కన్నడమూ కాదు, తెలుగూ కాదు, తాగి రాసినట్టుంది. తీగలు, మాటలు మోసే ఎనిమిది తీగలు, ఎక్కడో ఒకదానికొకటి తారుమారై ఉంటాయి. కానీ తారుమారైతే ఇందాక ఇంగ్లీషు ‘ఏ’ ఎలా వచ్చింది. వచ్చింది కదా, ఈ కళ్లతో చూశాను కదా. అయితే అంకెలు తప్పా. యాభై ఆరూ తప్పేనా. తెరే పాడైందేమో, గేటు దగ్గర రెండేళ్లు తిరస్కరించడం నేర్చినది ఇప్పుడు కూడా అదే చేస్తోంది, ఇంగ్లీషులో కాకుండా ఇంకో రకంగా. హేమంత్‌కుమార్ నవ్వు వినిపించింది, షావుకారు నవ్వు వినిపించింది, గేటు దగ్గర అమ్మాయి ఆపుకున్న నవ్వు కూడా. మంచిది, నవ్వండి. ఎనిమిది తీగలూ ఊడబీకుతాను, మళ్లీ మొదటి నుంచి కడతాను, గుజరీ అతను వాకిట్లో నిలబడితే నిలబడనీ, సాయంత్రం దాకా నిలబడనీ, బండి మీద పెట్టాక కూడా బండి మీదే కూర్చుని కడతాను. తీగలు పీకే శ్రావణం తీసుకుని మొదటి తీగను పట్టాడు. వీధిలో గంట మోగింది.

ఓబులమ్మ వాకిట్లోకి పోయి ఏదో చెప్పడం, బండి చక్రం అరుగుకు తగలడం, చెప్పుల చప్పుడు గది వైపు రావడం, అన్నీ వీపుతోనే విన్నాడు. గుమ్మంలో నిలబడింది. మెడలో మైదాకు రంగు పట్టుదారం వేలాడుతోంది, పెదవుల మధ్య సూది. గడియారం వంక చూడలేదు, అతని వంకా చూడలేదు, తిన్నగా తెర వంక చూసింది. అతను శ్రావణం కింద పెట్టలేదు.

“ఇంగ పది నిమిషాలు ఇయ్యి,” అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమెను ఏదైనా అడగడం అదే మొదటిసారేమో, అతనికే వింతగా వినిపించింది.

ఆమె దగ్గరకొచ్చి వంగింది. సూది తీసి జాకెట్టుకు గుచ్చుకుంది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. తరువాత గోడ దగ్గరకు పోయి మేకు మీది అద్దం తీసింది, రేకు చట్రం అద్దం, అతను రోజూ గడ్డం గీసుకునేది. దాని మీద ఎండిన నురగ మరకలను కొంగుతో తుడిచి, తెచ్చి, తెర ముందర ఏటవాలుగా పట్టుకుంది. అతనికి అప్పటికీ తెలియలేదు. ఆమె చూపుడువేలు అద్దం మీద నడిచింది, బడిలో నేర్చుకున్నట్టు, ఒక్కో అక్షరం కింద ఆగుతూ.

“ఓ,” అంది. “బు. ల.” నాలుగోది పైకి అనలేదు.

అద్దంలో ఉంది. నాలుగు అక్షరాలు, ఏడు గడుల్లో, ఒత్తు మూలన నక్కి, తప్పు లేకుండా. అప్పుడు తట్టింది అతనికి. మగ్గం మీద బట్ట ముఖం నేలకేసి ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వీపే. అందుకే కాగితం మీద బొమ్మను కుడి అంచు నుంచి చదివి అట్ట కొట్టాలి, నాన్న చెవి మెలేసి నేర్పిన పాఠం. ముఖం ఎలా వస్తోందో చూసుకోవడానికే మగ్గం కింద ఈ అద్దం ఉండేది. మగ్గం పోయింది, గుంట పూడ్చారు, అద్దం గోడెక్కింది, వేళ్లు మాత్రం ఏమీ మర్చిపోలేదు, మొదటి గడి నుంచీ కుడి నుంచే చదివాయి. తెర ముఖం నేలకేసి లేదు. అది ఎదురుగా అతన్నే చూస్తోంది.

“బట్ట తిరగేసి నేసినావు కదయ్యా,” అంది ఓబులమ్మ. కళ్లు ఇంకా అద్దంలోనే ఉన్నాయి. “మీ నాయన ఉండుంటే చెవి పట్టుకుంటుండె.”

“చెల్లుతాదా ఇది?”

“అద్దంలో చెప్తే యాడ చెల్లుతాది. వచ్చినోళ్లకంతా నేను అద్దం పట్టుకోని నిలబడల్లనా?”

నవ్వుతోందా అని చూశాడు. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. అద్దం అతని చేతికిచ్చి గుమ్మం దగ్గరకు పోయి, గుజరీ అతనితో, టేబులు ఒక్కటే అప్పా, అదీ ఇప్పుడే కాదు, కూర్చో, టీ తాగు అంది. బేబీని కేకేసి టీ పెట్టమంది. తిరిగొచ్చి, టేబులు పోతాదని మొదట చెప్పింది, పెట్టె ఆ గోడ గూట్లో పడుతుంది, కింద చాప మాది, సోల్డరింగ్ పొగ పెడితే చీరలకు వాసన పడుతుంది కాబట్టి అది వాకిట్లో. ఒక్కొక్కటీ చెప్తుంటే అతను ఒక్కొక్కదానికీ తలూపాడు. లోపల అట్టలు ఎక్కడున్నాయో చూపించాలని నోటి దాకా వచ్చింది. మూడో బోర్డు మీద వేలు పెట్టాడు, “ఇవేనే అట్టలు,” అన్నాడు. మామగారు బళేపేటలో అడిగిన మాట ఆమెకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. కానీ ఆమెకు తెలుసు. ఆ రోజు ఇంటికొచ్చాక ముసలాయన కోడలికే చెప్పుకున్నాడట, కొడుక్కి కోపమొచ్చిందని. ఆ సంగతి ఆమె ఇప్పుడు చెప్పింది, గళ్ల కాగితం కోసం చేయి చాస్తూ, చాలా చిన్న విషయంలాగా.

పూడ్చిన గుంట అంచున కూర్చుంది, ఒకప్పుడు కూర్చున్న చోటే. కాగితాన్ని వెలుతురుకు తిప్పుకుంది. గొంతు సవరించుకుంది.

“ఎడమ నుంచి చెప్తా. విడువు. గుద్దు. గుద్దు. గుద్దు. విడువు.”

మీటలు టపటపా పడ్డాయి. ఆమె గొంతు ఇన్నేళ్లకు కొంచెం బొంగురుపోయింది, వేగం మాత్రం అదే. అతను ఆమె వైపు చూడలేదు, ఆమె అతని వైపు చూడలేదు. గుజరీ అతను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోంచి తొంగిచూసి, ఏం నేస్తున్నారు అని అడిగాడు. రెండో వరసలో అతని వేళ్లు తమంతట తామే మళ్లీ కుడి నుంచి మొదలుపెట్టాయి.

“ఆగు, తప్పినావు,” అంది ఓబులమ్మ, తలెత్తకుండానే, మీటల చప్పుడుకే. “మళ్లీ చెప్తా, మొదటి నుంచి.”